మైకెక్కిన మా ఇంటి డబ్బా

ఒకే ఒక్క పూటలో, గేటు దాటకుండా, నోరు తెరవకుండా కాలనీలో సగం మంది చేత తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. తిట్లతో ఆగినా బాగుండేది. మూడేళ్లుగా మా ముఖం చూడని మేనత్తను బతిమాలి, బామాలి, ఇంటికి రప్పించుకున్న రోజున ఆమె పరువు గడప మీదే తీశాను. ఈ ఘనకార్యానికి నాకు పట్టింది మూడు నెలల కష్టం, ఒక పాత కంప్యూటర్, రెండు కరెంటు షాకులు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ పూర్తయింది, ఉద్యోగం రాలేదు. నేను నాన్నను బాపు అంటాను, అమ్మను అవ్వ అంటాను. మా బాపు సమ్మయ్య బొగ్గుబాయిలో, అంటే గనిలో, కార్మికుడు. మందమర్రిలో బాపుకు ఇచ్చిన క్వార్టర్‌లో తిని కూర్చునేదాన్ని. తిని కూర్చునే ఇంజినీరుకు ఇంట్లో ప్రతి వస్తువూ తప్పుగానే కనిపిస్తుంది. ఫ్యాను దానంతట అదే తిరగాలి, లైటు దానంతట అదే వెలగాలి, నల్లా వచ్చిన వేళకు మోటరు దానంతట అదే నడవాలి అనిపించింది. మంచిర్యాలలో మూతపడ్డ ఇంటర్నెట్ షాపు నుంచి ఒక పాత కంప్యూటర్ తెచ్చి, దాన్ని మా ఇంటికి పెద్దదిక్కుగా నియమించాను. అవ్వ దాన్ని చూసి "ఈ డబ్బా ఏందే?" అంది. ఆ పేరే ఖాయమైంది.

ఇలాంటివి బజారులో తయారుగా దొరుకుతాయి కదా అని మీరనవచ్చు. అవ్వ కూడా అదే అంది.

"రాజక్క కొడుకు దుబాయ్‌కెల్లి తెచ్చిండు గదనే, గుండ్రంగ ఉంటది, పాట పాడుమంటే పాడుతది. గసుంటిది ఒకటి కొంటే అయిపోదా?"

"అవ్వా, గది మనం మాట్లాడేదంత వినుకుంట సముద్రాల అవుతల ఉన్న కంప్యూటర్లకు పంపుతది. నేను చేసేదానికి ఇంటర్నెట్టే అక్కర లేదు. అంత మన ఇంట్లనే ఉంటది. మన ముచ్చట గడప దాటది."

"సముద్రాల అవుతలోళ్లు పోయి రాజక్కకు చెప్తరా?"

"చెప్పరు."

"మరి విననియ్యి. మనకేం నష్టం?"

గొప్ప పనులు తలపెట్టినవాళ్లు ఇలాంటి ప్రశ్నలు పట్టించుకోరని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

డబ్బాకు మొదట బలైంది బాపు. మనిషి కదిలితే గదిలో ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు దానికి నేను నేర్పిన లెక్క. బాపు నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకునేవాడు. అలిసిపోయి పడుకున్న మనిషి ఏం కదులుతాడు? డబ్బా పది నిమిషాలు చూసి, గదిలో ఎవరూ లేరనుకుని ఫ్యాను ఆపేసేది. బాపు చెమటతో లేచి, గాలిలో రెండు చేతులూ ఊపి, ఫ్యాను తిరిగాక మళ్లీ పడుకునేవాడు. వారం తిరిగేసరికి నిద్రలోనే చేతులూపడం వచ్చేసింది. ఇక బాత్రూమ్ లైటు ఐదు నిమిషాలకే ఆరిపోయేది.

"బిడ్డా," అని లోపలి నుంచి గొంతు వినిపించేది, "బాయిలకు దిగితే నెత్తికి లైటన్న ఇస్తరు. గీడ గదిగూడ లేదు."

"చెయ్యి ఊపు బాపూ!"

"రెండు చేతులు ఊపుతున్ననే. ఇగ డ్యాన్స్ గూడ చెయ్యాల్నా?"

ఇవన్నీ చిన్న చిన్న లోపాలు. నేను కాలరెగరేసుకున్నది మాత్రం తలుపు మీద పెట్టిన కెమెరా చూసుకుని. వచ్చినవాళ్ల ముఖం గుర్తుపట్టి, వాళ్ల పేరు లోపలి స్పీకర్‌లో చెప్పేది. దానికి దొరికిన తెలుగు గొంతు ఎవరో పెద్దమనిషిది, పాతకాలం వార్తలు చదివినట్టు ఉండేది. ఎవరొచ్చినా "గారు విచ్చేసి ఉన్నారు" అనేది. ఒకే రోజులో మళ్లీ వస్తే ఎన్నోసారో కూడా లెక్క చెప్పేది. ఆ లెక్క ఎవరడిగారని అడక్కండి, నాకు చేతనైంది కాబట్టి పెట్టాను.

ముఖాలు ఎక్కించే పని ఒక సాయంత్రం నేనూ అవ్వా కూర్చుని చేశాం. ఫోన్‌లో ఉన్న పెళ్లి ఫొటోల్లోంచి ఒక్కొక్క ముఖం కోయడం, కింద పేరు కొట్టడం.

"రాజక్క," అన్నాను.

"ఏ రాజక్క? కాలనీల నలుగురున్నరు. రేడియో రాజక్క అని కొట్టు."

పక్క క్వార్టర్ రాజక్క చెవిన పొద్దున పడ్డ మాట సాయంత్రానికి ఊరంతా తిరిగొస్తుందని అవ్వ పెట్టిన పేరది. ఎదురింటి కమలక్క ఎప్పుడొచ్చినా చేతిలో గిన్నె ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. ఆమె ఖాళీ గిన్నె కమలక్క అయింది. గణపతి మండపం కమిటీ పెద్ద మల్లన్న నిమిషం పనికి వచ్చి, మూడు చాయ్‌లు తాగితే గానీ లేవడు. ఆయన మూడు చాయ్‌ల మల్లన్న. అవ్వ చెబుతోంది, నేను కొడుతున్నాను, ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుతున్నాం. చివరికి మా మేనత్త ఫొటో వచ్చింది.

"ఆడబిడ్డ సంగతి నన్నడుగకు," అని అవ్వ తెలివిగా తప్పుకుంది. "మీ అత్త, నీ ఇష్టం."

నేను "అలుగుడు అత్త" అని కొట్టాను. మన ఇంట్లో మాట మన ఇంట్లోనే ఉంటుంది కదా అన్న ధైర్యం.

అత్త అలకకు కారణం కూడా నేనే, అది దాచి లాభం లేదు. బాపుకు ఐదేళ్లప్పుడు తల్లి పోతే, చంకనెత్తుకుని పెంచింది ఈ కనకమ్మత్తే. లక్సెట్టిపేటలో ఉంటుంది. మేం ఈ క్వార్టర్‌లోకి మారినప్పుడు పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డగా ఆమే. ఆ పిలుపు ఊరికే పిలిస్తే చెల్లదు, ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. బాపుకు సెలవు దొరకలేదు, అవ్వకు జ్వరం. "అత్తను నేను పిలుస్తా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్న పెద్దమనిషిని నేను. పిలిచాను కూడా. ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టి, కింద పొంగుతున్న పాలగిన్నె బొమ్మ కూడా అంటించాను. అత్త రాలేదు. పాలు రాజక్క పొంగించింది. ఆ తర్వాత మూడు రాఖీ పండుగలు బాపు చెయ్యి ఖాళీగానే ఉంది. ఆ మూడు రోజులూ ఆయన సరిగా అన్నం తినలేదు, నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అంటేనే నయమనిపించేది నాకు.

ఈ డబ్బా తయారైన ఏడాది, గణపతి మండపంలో ఒక రోజు పూజ, అన్నదానం మా వంతుకు వచ్చాయి. బాపు సెలవు పెట్టి, అవ్వను తీసుకుని లక్సెట్టిపేట పోయి, బొట్టు పెట్టించి, చేతులు పట్టుకుని పిలిచాడు. తిరిగొచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"వస్తనన్నది బిడ్డా. గని మర్యాద ఇసుమంత తక్కువైనా గడపకాడికెల్లే మల్లిపోతనన్నది. మల్లిపోతే ఇగ జన్మల రాదు. జర నీ డబ్బాతోని పైలం."

"అత్త పేరు మంచిగ మారుస్త బాపూ. పరేషాన్ గాకు."

"గిప్పుడు గా పేరుకేమైంది?"

"ఏం గాలే," అన్నాను.

మారుద్దామనే అనుకున్నాను. ఒట్టు. పూజ నాడు పొద్దున్నే ఆ పని మీదే కూర్చున్నాను కూడా. ఇంతలో గారెల పప్పు రుబ్బడానికి అవ్వకు మిక్సీ ప్లగ్గు కావాల్సివచ్చింది. అడగకుండా డబ్బా స్పీకర్ ప్లగ్గు పీకి అవతల పడేసింది. నాకు చాలా సంతోషం వేసింది. నోరు లేని డబ్బాకు పేర్లు మార్చడమెందుకు? ఆ పని పక్కన పెట్టి, పూజకొచ్చే పిల్లలు కెలకకుండా డబ్బాను నడుస్తుండగానే బీరువాలో పెట్టి, వైరు వెనక సందులోంచి తీసి, తాళం వేసి, తాళంచెవి అవ్వకిస్తే బొడ్లో దోపుకుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మండపం మా గోడకు ఇరవై అడుగుల దూరంలో ఉంటుంది. పాటలు పెట్టడానికి రోజుకొకరి ఫోన్ అడగాల్సి వస్తోందని ముందురోజు మల్లన్న బాధపడితే, "ఫోన్ ఎందుకు, మా డబ్బాకెల్లి వైర్ లేకుంట పెడ్త" అని గొప్పలు పోయి, మండపం మైకుకు మా డబ్బాకు సంబంధం కలిపాను. పొద్దున పూజకు ముందు పాటలైతే ఆపాను గానీ, ఆ సంబంధం తెంపలేదు. అయితే ఒక స్పీకర్ దొరకకపోతే తెలిసిన ఇంకో స్పీకర్ వెతుక్కోమని డబ్బాకు ఎప్పుడో నేర్పి ఉన్నాను. అది బుద్ధిమంతురాలు, నేర్పింది మరిచిపోదు.

పది గంటలకు రాజక్క విస్తరాకులు ఇచ్చి వెళ్లింది. కమలక్క పెరుగుకు ఒకసారి, పచ్చిమిర్చికి ఒకసారి వచ్చింది. మల్లన్న వచ్చి కూర్చుని మొదటి చాయ్ తాగి వెళ్లాడు. లోపల మిక్సీ మోత. గోడ అవతల మైకులో ఎవరో ఏదో అంటున్నారు, చివరి మాట మాత్రమే అందుతోంది.

"విచ్చేసి ఉన్నారంటుండ్రు," అన్నాడు బాపు మురిసిపోతూ. "కమిటోళ్లు ఇయ్యాల అందర్ని మంచిగ పిలుస్తుండ్రు. మన పూజ దినం గద."

మధ్యాహ్నం కావస్తుండగా బాపు, అవ్వ అత్తను తీసుకురావడానికి మెయిన్ రోడ్డుకు వెళ్లారు. మిక్సీ ఆగింది. నేను ముగ్గు మీద నీళ్లు పడకుండా బకెట్ జరుపుతున్నాను. రాజక్క దూసుకొచ్చింది.

"ఏమే రజితా! నేను రేడియోనా?"

నేను నోరు తెరిచేలోపు మండపం మీద కట్టిన రెండు మైకులూ గంభీరంగా పలికాయి.

"రేడియో రాజక్క గారు విచ్చేసి ఉన్నారు. నేడు ఇది రెండవ పర్యాయం."

అన్నదానానికి వరుసలో కూర్చున్న కాలనీ మొత్తం గొల్లుమంది. నేను బకెట్ వదిలేసి ఆమెకు ఎదురెళ్లాను.

"గది... రాజక్కా... రేడియో అంటే మంచిగ మాట్లాడుతవని..."

"నాకు జెప్తున్నవా? పిల్లజెల్ల అంత నవ్వవట్టిరి!"

ఆమె వెనకాలే కమలక్క వచ్చింది. కోపంలో కూడా చేతిలో గిన్నె ఉంది.

"ఖాళీ గిన్నె కమలక్క గారు విచ్చేసి ఉన్నారు. నేడు ఇది మూడవ పర్యాయం."

"అబద్ధం!" అని కమలక్క కెమెరా వైపు చూసి అరిచింది. "రెండే మాట్లు వచ్చిన!"

"పెరుగుకోమాటు, మిర్చికోమాటు, గిప్పుడోమాటు," రాజక్క వేళ్లు మడిచింది. "లెక్క సరిగ్గనే చెప్పింది."

మూడోవాడు మల్లన్న. గేటు దగ్గరే నిలబడి మాట్లాడదామనుకున్నాడు పాపం, కెమెరా చూపు గేటు దాకా ఉంది.

"మూడు చాయ్‌ల మల్లన్న గారు విచ్చేసి ఉన్నారు. నేడు ఇది రెండవ పర్యాయం."

"రెండు!" అన్నాడు మల్లన్న ఎర్రబడ్డ ముఖంతో. "మీ ఇంట్ల నేను రెండు చాయ్‌ల కంటె ఎక్కువ ఎన్నడన్న తాగిన్నా? గణపతి మీద ఒట్టేసి చెప్పు!"

అంత చదివినదానివి, ఫోన్‌లోంచి ఆపేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. ఆపేయొచ్చు, పాస్‌వర్డ్ గుర్తుంటే. మా ఇంటి సంగతులు పరాయివాళ్ల చేతిలో పడకూడదని ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని భద్రంగా బీరువాలో దాచాను. బీరువా తాళంచెవి అవ్వ బొడ్లో ఉంది. మెయిన్ స్విచ్ ఆపినా లాభం లేదు. కరెంటు పోయినా మూడు గంటలు నడిచేలా బ్యాటరీ పెట్టింది నేనే.

"మల్లన్నా, నీ కాల్మొక్త, జర మైకు బంద్ చెయ్యరాదే! మా అత్త వస్తుంది!"

"ఎందుకు బంద్ చెయ్యాలె? మా పేర్లు ఊరంత విన్నది. మీ అత్త పేరు గూడ విననియ్యి."

వీధి మలుపులో ఆటో చప్పుడు వినిపించింది. నాకు మిగిలింది ఒకే ఒక్క దారి. దండెం మీదున్న తువ్వాల లాగి, కుర్చీ ఎక్కి, కెమెరా మీద కప్పాను. డబ్బాకు చూపు పోయింది. ఊపిరి పీల్చుకున్నాను.

ఆటో దిగింది అత్త. రూపాయి బిళ్లంత బొట్టు, కొత్త చీర మడతలు, చేతిలో అరిసెల డబ్బా. బాపు ముందు నడుస్తూ నిమిషానికోసారి వెనక్కి తిరిగి అక్క వస్తోందా లేదా అని చూసుకుంటున్నాడు. గడప ముందు ఆమెను నిలబెట్టి, చెంబుతో తానే కాళ్ల మీద నీళ్లు పోశాడు. మావైపు చుట్టాలకు కాళ్లకు నీళ్లిచ్చాక తుడుచుకోవడానికి తువ్వాల ఇవ్వాలి. ఇవ్వకపోతే మర్యాద తక్కువ. బాపు అటూ ఇటూ చూశాడు. దండెం ఖాళీ.

"గీ తువ్వాల గీడ ఎవలేసిండ్రే?"

"బాపూ, వద్దు!"

లాగేశాడు. తువ్వాల అక్క చేతికిచ్చాడు. అత్త వంగి కాళ్లు తుడుచుకుని, తలెత్తి సూటిగా కెమెరా వైపు చూసింది.

"అలుగుడు అత్త గారు విచ్చేసి ఉన్నారు."

ఈసారి మండపంలో ఎవరూ నవ్వలేదు. అత్త సంగతి, ఆమె పెట్టిన షరతు రాజక్క ద్వారా కాలనీకి ఎప్పుడో తెలిసిపోయాయి. అత్త ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయింది.

"అక్కా," అన్నాడు బాపు. "గది మిషినే అక్కా. దానికేం తెల్వది."

"మిషినుకు నా సంగతి ఎవలు చెప్పిండ్రు?"

బాపు ముఖం చూడలేకపోయాను. రాఖీ పండుగ నాడు పళ్లెం ముందు కూర్చుని లేచిపోయే ముఖమే అది. అవ్వ పైకప్పులో పగుళ్లు లెక్కపెడుతోంది. ఏడుపు ముంచుకొచ్చింది.

"నేనే అత్తా. పేరు పెట్టింది నేనే. పాల పొంగుకు మెసేజ్ పెట్టింది గూడ నేనే. బాపు తప్పు ఇసుమంత లేదు. కొట్టాల్నంటే నన్ను కొట్టు, గని మల్లిపోకు."

అత్త చూపు గేటు దగ్గర వరుసగా నిలబడ్డ ముగ్గురి మీదికి మళ్లింది.

"మీరెందుకు నిలవడ్డరు గీడ?"

"మమ్ముల గూడ గట్లనే పిలిచింది," అంది రాజక్క.

"ఏమని?"

ఎవరూ తమ పేరు చెప్పలేదు. కమలక్క పేరు రాజక్క చెప్పింది. మల్లన్న పేరు కమలక్క చెప్పింది. రాజక్క పేరు మల్లన్న చెప్పాడు, అడగకపోయినా రెండుసార్లు చెప్పాడు. అత్త ఒక్కొక్క పేరు విని, ఒక్కొక్క ముఖం చూసి, సరిపోయిందన్నట్టు తలూపింది.

"ఎన్నెన్ని మాట్లు పిలిచింది?"

"నన్ను రెండు," అంది రాజక్క.

"నన్ను మూడని చెప్పింది," అంది కమలక్క. "నిజానికి రెండే."

అత్త ముఖం ఒక్కసారిగా కందగడ్డయింది.

"ఏరా సమ్మీ! పక్కింటోళ్లను మూడు మాట్లు పిలిచి, ఇంటి ఆడబిడ్డను ఒక్క మాటనా?"

"గది... ఎన్ని మాట్లు వస్తే గన్ని మాట్లు చెప్తది అత్తా," అన్నాను.

అత్త గిరుక్కున తిరిగి గేటు వైపు నడిచింది. పోతోందనుకుని బాపు పరుగెత్తి అరిసెల డబ్బా పట్టుకున్నాడు. ఆమె డబ్బా ఆయన చేతుల్లోనే వదిలేసి, గేటు దాటి, చీర కొంగు సర్దుకుని, తల ఎత్తి మళ్లీ లోపలికి వచ్చింది.

"అలుగుడు అత్త గారు విచ్చేసి ఉన్నారు. నేడు ఇది రెండవ పర్యాయం."

మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. మూడవ పర్యాయం. కమలక్కను దాటాలి కాబట్టి ఇంకోసారి. నాలుగవ పర్యాయానికి మండపంలో చప్పట్లు మొదలయ్యాయి. అత్త నడుం మీద చెయ్యి వేసుకుని గడప మీద నిలబడింది.

"మూడేండ్ల కింద ఫోన్ల పిలిస్తివి, ఎవలు విన్నరే? గిట్ల పిలువాలె ఆడబిడ్డను, ఊరంత వినంగ!" అని లోపలికి అడుగుపెట్టింది. బాపు అరిసెల డబ్బా గుండెకు హత్తుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు. మల్లన్న ఆ మధ్యాహ్నం మా ఇంట్లో నాలుగు చాయ్‌లు తాగాడు.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు కొంచెం పరువు మిగిలేది. కానీ నాకు బుద్ధి వచ్చింది కదా, ఆ బుద్ధితో ఇంకో పని చేశాను. మైకుతో సంబంధం తెంపి, అందరి పేర్లూ మర్యాదగా మార్చాను. దసరాకు అత్త వచ్చింది. గడప ముందు నిలబడి, కొంగు సర్దుకుని, తలెత్తి కెమెరా వైపు చూసింది.

"శ్రీమతి కనకమ్మ గారు విచ్చేసి ఉన్నారు."

అత్త వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఎవలే గామె?"

"నువ్వే అత్తా! పేరు మర్యాదగ మార్చిన."

"గది రేషన్ కార్డు మీది పేరు. నా పేరు తీసి ఎవలికిచ్చినవే?" అని, కాళ్లకు నీళ్లు కూడా తీసుకోకుండా, వచ్చిన ఆటోలోనే మళ్లిపోయింది.

బాపు మళ్లీ సెలవు పెట్టాడు, అవ్వ మళ్లీ కుంకుమ భరిణె సర్దుకుంది. ఈసారి నన్ను కూడా వెంటబెట్టుకుని లక్సెట్టిపేట బస్సెక్కారు. అత్త ముందు కూర్చుని, ఆమె చూస్తుండగా, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ పాత పేరే మళ్లీ డబ్బాలో పెడతానని నోట్‌బుక్‌లో రాసి సంతకం పెట్టి వచ్చాను. కాబట్టి ప్రియమైన పాఠకులారా, కుడి చేయి చాచి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ మనిషికీ చాటుగా పేరు పెట్టను, పెట్టిన పేరును డబ్బాలో ఎక్కించను. పొరపాటున ఎక్కిస్తే మాత్రం, ప్రాణం పోయినా దాన్ని మర్యాదగా మార్చను.